ఇస్త్రీ చేసి చదువు

నిమ్‌పురా,
సోమవారం

చిరంజీవి సౌభాగ్యవతి, మా ఇంటి కోడలు ఇందుకి, అత్త చిట్టెమ్మ నిండు మనసుతో దీవించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ కడుపులో ఉన్న బుజ్జిబాబో బుజ్జమ్మో క్షేమమని తలుస్తాను. తలవడం తప్ప ఈ రోజుల్లో మనం చేయగలిగింది ఏముంది గనక.

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరమేమిటి, ముసల్దానికి మతి పోయిందా అనుకుంటావు. మతి బాగానే ఉంది, ఫోనంటేనే విసుగొచ్చింది. నీకు ఫోను చేస్తే నువ్వు పలికే ముందు ఎవరో ఒకావిడ వచ్చి కరోనా జాగ్రత్తలు చెబుతుంది. చేతులు కడుక్కో, మాస్కు పెట్టుకో, దూరంగా ఉండు. కడిగీ కడిగీ నా అరచేతిలో గీతలు అరిగిపోయాయి. ఇక నా చెయ్యి చూసి జాతకం చెప్పడం ఎవరి వల్లా కాదు. ఎనిమిదో నెల గర్భిణి రోజంతా ఆ పాఠమే వింటే పుట్టే బిడ్డ మాస్కుతోనే పుడుతుంది. వీడియో కాలంటావా, ఆ వెలుతురు కడుపులో బిడ్డకి మంచిది కాదని మా ఆఫీసులో అందరూ అంటున్నారు. అందుచేత నువ్వు నాకు ఫోను చెయ్యకు, నేనూ చెయ్యను. మీ సందులో తిమోతి ఉన్నాడు కదా, ఆసుపత్రిలో వార్డు పని చేస్తాడు, పిల్లల తండ్రి, నిదానస్తుడు. వాడికి నిమ్‌పురాలో చుట్టాలున్నారు, సైకిలు మీద వస్తూ పోతూ ఉంటాడు. వాడి చేత రాసి పంపుకుందాం.

సూడిదల నాడు వచ్చిన మనిషి మళ్ళీ తొంగి చూడలేదని కోపం పెట్టుకోకు. ఆ రోజు మీ అమ్మ పలాస నుంచి రాలేకపోయింది. అక్కడ కర్ఫ్యూ, ఇక్కడ లాక్‌డౌను. నాలుగు తరాలుగా రైల్వే అన్నం తింటున్న ఇంటికి ఒక్క బండి దొరకలేదు చూడు. ఒళ్ళో చలిమిడి పెట్టడానికి తల్లి లేకపోతే ఎలాగని నేనే తల్లి స్థానంలో నిలబడ్డాను. మర్నాటి నుంచి మళ్ళీ యార్డు ఆఫీసు. మీ మామ పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగమాయె. కరోనా వచ్చిందని గూడ్సు బండ్లు ఆగుతాయా, వాటి ఫైళ్ళు మోసే చిట్టెమ్మ ఆగుతుందా. నలుగురూ తుమ్మే చోటుకి వెళ్ళొచ్చి నీ పక్కన కూర్చోలేను కదా. అందుకే నీ క్వార్టర్లో నువ్వు, నా క్వార్టర్లో నేను.

ఈ పూట లేత చింతచిగురులో ఎండు రొయ్యలు వేసి వండాను. వాసన వీధి చివరి దాకా వెళ్ళింది. నువ్వు లేకుండా ముద్ద దిగలేదు. వేళకి తిను. కుడివైపు తిరిగి పడుకోవాలా, ఎడమవైపా అన్నది డాక్టరమ్మ ఎలా చెబితే అలా.

ఇట్లు, నీ మేలు కోరే అత్త,
చిట్టెమ్మ

తా.క.: ఈ కాగితానికి యార్డు చేతులు తగిలాయి. ఇస్త్రీ పెట్టె బాగా వేడి చేసి, రెండు వైపులా రుద్ది, అప్పుడు చదువు. ఈ సంగతి ముందు రాయాల్సింది, ఇప్పుడు గుర్తొచ్చింది. ఈపాటికి చదివేసి ఉంటే చేతులు కడుక్కో.


ఓల్డ్ సెటిల్‌మెంట్,
బుధవారం

పూజ్యురాలైన అత్తకి, కోడలు ఇందు దణ్ణం పెట్టి రాసేది.

నేను ఇంట్లో క్షేమం. నువ్వూ క్షేమమని నీ రొయ్యల కూరని బట్టే తెలిసింది.

ఫోను వద్దన్నావు, చాలా మంచి ఆలోచన అత్తా. నిజం చెప్పాలంటే నేనూ అదే చెబుదామనుకున్నాను. నీకు కోపమొస్తుందేమోనని ఊరుకున్నాను. మీ అబ్బాయి ఆక్సిజన్ బండ్ల మీద గార్డుగా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుతూనే ఉన్నారు. ఏ రన్నింగ్ రూములో పడుకుంటే అక్కడి నుంచే రెండు మాటలు మాట్లాడతారు. మూడో మాటకి నిద్రపోతారు. నేనేమీ అనను, బండి చివర డబ్బాలో ఒక్కరే కూర్చుని ఎంత అలిసిపోతారో.

ఇంట్లో వంటా వార్పూ నేనే చేసుకుంటున్నాను. ఈ పూట కందిపప్పు, కాకరకాయ. ఒళ్ళు బరువుగా ఉంది తప్ప బాధేమీ లేదు. నిద్రే లేదు. అందుకు కారణం మన గోడ అవతలి క్వార్టర్లోకి కొత్తగా దిగిన ముసలావిడ. రోజంతా దగ్గు. దగ్గు ఆగిందంటే టీ బాగోలేదని హిందీలో తగువు, అది కాగానే బెంగాలీలో తగువు. ఇంట్లో వాళ్ళు పాపం నోరెత్తరు. ఆ బొంగురు గొంతు వింటుంటే నాకు గుండె దడ. కడుపులో బిడ్డ కూడా ఉలిక్కిపడుతోంది. ఏం చెయ్యమంటావు?

ఇట్లు, నీ కోడలు,
ఇందు

తా.క.: అత్తా, ఈ ఉత్తరం కూడా ఇస్త్రీ చేసే చదువు. ఒకసారి కాదు, రెండుసార్లు చెయ్యి. చదివాక దాచుకోకు. పొయ్యిలో పెట్టేస్తే ఇంకా మంచిది, నేనేమీ అనుకోను.

(ఉత్తరానికి గుండుసూదితో గుచ్చిన చీటీ)

తిమోతి అన్నా, ఈ చీటీ నీకు. ఇది తీసేసి మిగతాది అత్తకి ఇవ్వు. నేను ఈ ఆసుపత్రిలో ఉన్నానని, నా రిపోర్టు పాజిటివ్ అని ఆవిడకి తెలియనివ్వకు. సుగరు మనిషి. తెలిసిందంటే నిమ్‌పురా నుంచి నడిచైనా వస్తుంది. గేటు దగ్గర ఆపితే గేటు ఊడబీకుతుంది. ఇంట్లో వండుకు తింటున్నానని రాశాను, దేవుడు క్షమిస్తాడు. ఆయన కూడా అమ్మకి చెప్పనని మాటిచ్చారు. ఇంత ఎండలో నా కోసం సైకిలు తొక్కుతున్నావు. ఈ బిస్కెట్ల పొట్లం నీకే.


నిమ్‌పురా,
శుక్రవారం

చిరంజీవి ఇందుకి అత్త దీవెనలు. నేను క్షేమం.

ఉత్తరం అందింది, ఇస్త్రీ చేశాను. ఒకసారే చేశాను. రెండుసార్లు చెయ్యి, పొయ్యిలో పెట్టు అని రాశావే, అదేం మాట? నా ఉత్తరం ఇస్త్రీ చెయ్యమన్నది యార్డు మకిలి ఉంటుందని. ఇల్లు కదలకుండా పప్పు వండుకునే పిల్ల రాసిన కాగితం నేనెందుకు కాల్చాలి? నీ రాత నా ఇంట్లో ఉండటం నీకు ఇష్టం లేదా? నా ఇల్లు అంత శుభ్రం లేనిదా? రెండు రోజులు ఆలోచించాను. పోనీలే, కడుపుతో ఉన్నదాని మాటలకి అర్థాలు వెతక్కూడదు. మోహన్ కడుపులో ఉన్నప్పుడు నేను మీ మామ మీదికి చారు గిన్నె విసిరాను. గిన్నె కన్నా చారు పోయిందనే ఆయన ఎక్కువ బాధపడ్డాడు.

ఇక ఆ ముసలావిడ సంగతి. టీ దగ్గర తగువు పెట్టుకునే మనుషులంటే నాకు మొదటి నుంచీ పడదు. పెట్టింది తాగి నోరు మూసుకోవాలి గానీ ఏమిటా అరుపులు? నువ్వు మెత్తగా ఊరుకుంటే నెత్తికెక్కుతుంది. గోడకి చెవులుంటాయంటారు కదా, వాటికి వినపడేలా చెప్పు. స్టీలు గ్లాసు తీసుకుని గోడ మీద మూడుసార్లు గట్టిగా కొట్టు. కొట్టి, "ఏటమ్మా, మనుసులు పడుకోవద్దేటి? దగ్గితే దగ్గినావు, ఈ తగువులేటి?" అని అడుగు. మన వైపు మాటలోనే అడుగు, ఆవిడకి అర్థం కాకపోయినా భయం పుడుతుంది. అప్పటికీ లొంగకపోతే ఆదివారం నేనే వచ్చి దాని సంగతి చూస్తాను.

నాకూ ఇక్కడ ఒకతి తగులుకుంది. పక్కన ఎవరో పిల్ల చేరింది. పగలంతా ఏడుపు. ఏడుపు ఆపితే పాట. ఆ పాట కన్నా ఏడుపే నయం. మూతికి గుడ్డ కట్టుకుని పాడుతుందో ఏమో, ఏ భాషో కూడా తెలియదు. నాకు ఆఫీసు పని చేసుకుని వచ్చి పడుకుంటే ఒళ్ళంతా పోట్లు. కళ్ళు మూసుకుంటే ఆ పిల్ల గొంతే.

వేళకి తిను. ఈ రోజు నేను గోంగూర పచ్చడి నూరాను.

ఇట్లు,
అత్త

తా.క.: నీ ఉత్తరం కాల్చలేదు. కాల్చను. ఏం చేసుకుంటావో చేసుకో.


ఓల్డ్ సెటిల్‌మెంట్,
శనివారం

అత్తకి ఇందు నమస్కారాలు. నేను క్షేమం.

ఆదివారం నువ్వు రావద్దు! మన సందు రెండు వైపులా వెదురు బొంగులు కట్టి మూసేశారు. పోలీసు దాదా కూడా కూర్చున్నాడు. పిల్లిని కూడా ఆధార్ కార్డు అడుగుతున్నారట. నువ్వొచ్చి వాళ్ళతో గొడవ పడితే నాకు కంగారు. నీ మీద ఒట్టు, రావద్దు.

ఇస్త్రీ గురించి నువ్వు ఇంత దూరం ఆలోచిస్తావనుకోలేదు. నీ ఇల్లు శుభ్రం లేనిదని నేనెలా అంటాను? మీ ఇంట్లో నేలకి కూడా భయపడి అడుగు వేస్తాను. తిమోతి అన్న ఆసుపత్రిలో పని చేస్తాడు కదా, ఆయన చేతులు తగిలాయని అలా రాశాను. ఇక ఈ విషయం వదిలెయ్యి, నా తల్లివి కదూ. ఇస్త్రీ మాత్రం మానకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. గ్లాసుతో మూడుసార్లు కొట్టి, నువ్వు రాసిన మాట నువ్వు రాసినట్టే అడిగాను. దెబ్బకి దగ్గు ఆగిపోయింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. పోయిందేమోనని నాకు చెమటలు పట్టాయి. కాసేపటికి అవతలి నుంచి మెల్లిగా మూడుసార్లు తిరిగి కొట్టింది. తర్వాత చాలాసేపు ముక్కు చీదుకుంటూనే ఉంది. జలుబు కూడా ఉన్నట్టుంది పాపం. ఆ తర్వాత టీ గురించి ఒక్క మాట లేదు. ఏం మంత్రం అత్తా అది!

నీ పక్కన ఉన్న పిల్లని తిట్టకు. ఏ కష్టంలో ఉందో మనకేం తెలుసు. భయమేసిన మనిషి పాడితే రాగం ఎక్కడ కుదురుతుంది?

ఇట్లు,
ఇందు

తా.క.: గోంగూర పచ్చడి అని రాశావు. ఆ ముక్క రెండుసార్లు చదివి అన్నం తిన్నాను.

(గుచ్చిన చీటీ)

తిమోతి అన్నా, ఇది నీకు. నా ఆక్సిజన్ కాస్త తగ్గిందని పొద్దున గొట్టం పెట్టారు. ఇంకా తగ్గితే నెలలు నిండకపోయినా ఆపరేషన్ చేసి బిడ్డని తీసేస్తామని డాక్టరమ్మ చెప్పింది. పుట్టాక బిడ్డని నా దగ్గర ఉంచుతారో లేదో కూడా ఇప్పుడే చెప్పలేరట. సూడిదల నాడు అత్త వద్దంటున్నా మాస్కు తీసింది నేనే, చలిమిడి ఆవిడ చేతి నుంచి నోటితో అందుకుంది నేనే. అప్పటికే నాలో జబ్బు ఉండి ఆవిడకి అంటించి ఉంటే నేనేం చెయ్యను? ఆవిడ కుశలంగా ఉందని ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు ఊపిరి వస్తోంది. నువ్వు నిమ్‌పురాలో ఆవిడని కంటితో చూస్తున్నావు కదా, నిజంగా బాగుందా? అడిగితే మాస్కు వెనక నవ్వుతావెందుకు?


నిమ్‌పురా,
సోమవారం

నా బంగారు తల్లి ఇందుకి, అత్త నిండా దీవించి రాసేది.

నువ్వు క్షేమంగా ఉండాలి. నేను కూడా ఉంటాను.

ఆదివారం రాలేదు. వెదురు బొంగులు కట్టారన్నావు కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే వచ్చేదాన్నే.

ఆ ముసలావిడ గురించి నేను తొందరపడి రాశాను. బాగా ఆలోచిస్తే ఆవిడ మంచి మనిషి అయి ఉంటుందనిపిస్తోంది. వయసులో చాలా పనిమంతురాలై ఉండాలి. మంచి మనసు, పెద్ద మనసు. కాస్త నోరుంటుంది, నోరు లేని మనిషి ఈ ఊళ్ళో బతగ్గలదా? టీ గురించి మాట్లాడటం మానేసిందన్నావు. టీ బాగుపడిందని కాదు సుమా. ఓర్చుకుంటోంది. అలా ఓర్చుకునే మనుషులు ఈ కాలంలో ఎంతమంది ఉన్నారు చెప్పు?

మీ మామ ఎర్రయ్య పని ఏమిటో నీకెవరైనా చెప్పారో లేదో. యార్డులో బండి ఆగగానే పొడుగాటి కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చక్రం ఖంగుమని మోగుతుంది. ఎక్కడైనా పగులుంటే మొద్దుగా పలుకుతుంది. చెవితోనే పట్టేసి ఆ డబ్బాని పక్కన పెట్టించేవాడు. ఇంటికొచ్చి, "మనిసి కన్నా సెక్రమే నయమే చిట్టీ. మనిసినడిగితే బాగున్నానంటాడు. సెక్రాన్ని తడితే నిజిం సెబుతాది" అనేవాడు. నేను కాళ్ళ నొప్పులు దాచుకుని బాగున్నానన్న రోజున నా మోకాలి మీద తట్టి చూసేవాడు.

ఎందుకు చెబుతున్నానంటే, నీకు భయమేసినప్పుడు ఆ గోడ మీద తట్టు. ఆవిడ తిరిగి తడుతుంది. తట్టకపోతే నన్నడుగు. నీ దగ్గర మనిషి లేడనుకోకు.

పక్కన ఉన్న పిల్ల సంగతి కూడా నువ్వు చెప్పినట్టే అయింది. ఆ పిల్ల బంగారం. నిండు మనిషి, తోడు ఎవరూ లేరు. పురుడు వచ్చే వేళకి నేను గోడలా నిలబడతానని మనసులో మొక్కుకున్నాను. పాట ఇప్పటికీ దారుణంగానే ఉంది, అయినా ఆగిపోతే వెతుక్కుంటున్నాను.

బుధవారం తుపాను అంటున్నారు. అదే రోజు సాయంత్రం చంద్రగ్రహణం. నువ్వు కదలకుండా పడుకోవాలనీ, కత్తి ముట్టకూడదనీ బెంగ పెట్టుకోకు. మబ్బులో గ్రహణం కనపడదు, కనపడనిది పట్టదు. పంతులుగారిని అడగలేదు. అడిగితే వేరేగా చెబుతారు.

ఇట్లు, నీ అత్త, అమ్మ కూడా

తా.క.: ఈ రోజు ఏమీ వండలేదు.


ఓల్డ్ సెటిల్‌మెంట్,
మంగళవారం

అత్తకి,

నమస్కారం. క్షేమం.

నీ ఉత్తరం చదివాక నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. అయినా రాస్తున్నాను.

పెళ్ళైన ఏడాది సూర్యగ్రహణం వచ్చింది గుర్తుందా? కడుపూ లేదు, కాయా లేదు, అయినా రేపు అవసరం పడొచ్చని నన్ను చీకటి గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గర కాపలా కూర్చున్నావు. ఇప్పుడు నిజంగా కడుపుతో ఉంటే, కనపడనిది పట్టదంటున్నావు. నా సంగతి నీకు పట్టడం లేదని తెలిసిపోతోంది. ఎవరో తెలియని ముసలావిడని నెత్తిన పెట్టుకుని పొగిడావు. నా చేత గోడ కొట్టించింది నువ్వు, ఇప్పుడు నేనే ఆవిడని అర్థం చేసుకోలేదన్నట్టు రాస్తున్నావు.

అన్నిటికన్నా ఆ పిల్ల. ఎవరామె? ముందు దాని పాట వినలేనన్నావు. ఇప్పుడు బంగారం, నిండు మనిషి, పురుటికి నేను నిలబడతానని మొక్కు. నన్ను పిలిచే పిలుపుతోనే దాన్నీ పిలుస్తున్నావా? దాని ఒళ్ళోనూ చలిమిడి పెట్టావా? ఎవరి పురుటికి ఎవరు నిలబడాలి అత్తా? మా అమ్మ రాలేదు. ఆయన ఏ ఊరి పట్టాల మీద ఉన్నారో తెలియదు. నువ్వేమో పక్కింటి పిల్లకి గోడవయ్యావు. మరి నాకెవరు?

రాత్రీ పగలూ ఆ గోడే తడుతున్నాను. ఆ ముసలావిడే తిరిగి తడుతోంది. ఎన్నిసార్లు తట్టినా విసుక్కోదు. నా సొంత అత్తకి లేని ఓపిక ఆవిడకి ఉంది. ఆ మాట మాత్రం నువ్వు సరిగ్గానే రాశావు.

ఇట్లు,
ఇందు

తా.క.: అత్తా, నేను ఇంట్లో లేను. మొదటి నుంచీ లేను. ఆసుపత్రిలో ఉన్నాను, కరోనా. రేపు పొద్దున ఆపరేషన్ అంటున్నారు. పప్పు, కాకరకాయ అన్నీ అబద్ధం. నాకు చాలా భయంగా ఉంది. నాకేమైనా అయితే బిడ్డకి నువ్వే పాలు పట్టాలి. ఆ పిల్లకి కాదు.

(గుచ్చిన చీటీ)

తిమోతి అన్నా, ఈ ఉత్తరం ఇప్పుడే ఇవ్వకు. రేపు అంతా అయిపోయాక ఇవ్వు. రాసేశాను గానీ ఆవిడ తుపానులో బయలుదేరిపోతుంది.


నీ గదికి ఇవతలి గోడ,
శుక్రవారం

చిరంజీవి ఇందుకీ, మొన్న తుపానులో దిగబడిన మా చిన్న దొరసానికీ, అత్తా నాయనమ్మా అయిన చిట్టెమ్మ దీవించి రాయునది.

పైన చిరునామా తప్పు రాయలేదు, ఇంకోసారి చూసుకో. నేను నిమ్‌పురాలో లేను. ఆ మొదటి ఉత్తరం ముందు రోజే నన్ను ఈ ఆసుపత్రిలో పడేశారు. నీ గదికీ మా ఆడవాళ్ళ వార్డుకీ మధ్య హడావుడిగా కొట్టిన చెక్క గోడ ఉంది చూడు, దానికి ఆనుకున్న మంచం నాది. ఆ దగ్గు నాది. టీ తగువు నాది. పగలంతా ఏడ్చి, వినలేని పాట పాడిన పిల్లవి నువ్వు.

ఫోను వద్దన్నది కూడా అందుకే. గొంతు పోయింది, ముక్కుకి గొట్టం, వీడియోలో ఏ మొహం చూపించను? చింతచిగురు రొయ్యలు ఈ మంచం మీదే వండాను. వాసన వీధి చివరి దాకా వెళ్ళిందని రాసిన రోజుకి నా ముక్కుకి ఫినాయిలు వాసన కూడా తెలియడం లేదు. మోహన్‌కి రెండు సంగతులూ తెలుసు. నీకు ఒక మాటా నాకు ఒక మాటా ఇచ్చి నోరు కుట్టుకున్నాడు. చివరి డబ్బాలో కూర్చుని పచ్చజెండా ఊపడమే కదా వాడికి తెలిసిన పని, ఇద్దరికీ ఊపాడు.

మొదట నాకూ తెలియదు. నువ్వు గ్లాసుతో కొట్టి, "ఏటమ్మా, మనుసులు పడుకోవద్దేటి" అన్నావు. నేను రాసిన మాట, నా కోడలి గొంతు. నాకు దగ్గడం కూడా మరుపొచ్చింది. పిలుద్దామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఏడ్చాను. అది జలుబు కాదు.

ఆ సాయంత్రం వచ్చిన నీ ఉత్తరానికి చీటీ అలాగే గుచ్చి ఉంది. తిమోతి తియ్యడం మరిచిపోయాడో, మరిచిపోదామనుకున్నాడో నాకు తెలియదు. అది చదివాక నేనిక్కడ ఉన్నానని నీకు చెప్పే ధైర్యం చాలలేదు. నేను బాగున్నానంటే నీకు ఊపిరి వస్తోందని రాశావు. సరే, ఊపిరి కోసం అబద్ధమైతే ఏం, ఆక్సిజన్ ఎక్కడా దొరకని రోజులు. మాస్కు నువ్వు తీశావనీ, నీ వల్లేననీ ఇక అనుకోకు. చలిమిడి నోటి దగ్గర పెట్టింది నా చెయ్యి. ఒకే ముద్ద ఇద్దరం తిన్నాం. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నువ్వు నన్ను అడగకు, నేనూ నిన్ను అడగను.

నీ మంగళవారం ఉత్తరం తిమోతి ఆ రోజే ఇచ్చేశాడు. "రేపియ్యమన్నాది పిన్నీ. రేపటి దాకా నాను ఆగనేను" అన్నాడు. చదివి ఇక దాచకూడదనుకున్నాను. తెల్లారేసరికి ఆ గాలి, ఆ వాన. రేకులు లేచిపోతున్నాయి, కరెంటు పోయి వస్తోంది. నీకు ఆపరేషన్ ఏర్పాట్లు చేస్తుండగానే నొప్పులు మొదలయ్యాయి. బల్ల దాకా ఆగలేదు నీ కూతురు. నాయనమ్మ పోలికే, ఎవరూ పిలవకుండా వచ్చేసింది. నువ్వు తట్టావు, నేను తట్టాను. కాసేపటికి నీ తట్టడం ఆగిపోయి అరుపులు మొదలయ్యాయి. నేను గొట్టం పట్టుకునే లేచి, గోడకి ఆనుకుని తడుతూనే ఉన్నాను. సిస్టర్ దోర్కా అటు నుంచి అరిచింది, "ఏయ్ బుడీమా, ఓ ముసిలమ్మా, గోడ కూలిపోతాది!" అని. కూలితే కూలనీ, నా కోడలు కనపడుతుంది అనుకున్నాను. చెయ్యి మార్చి కొట్టాను.

ఆ తర్వాత అది ఏడ్చింది. ఇందూ, మీ మామ చెప్పిన ఖంగుమనే మోత నేను ఇన్నేళ్ళలో యార్డులో ఎన్నోసార్లు విన్నాను. మొన్న విన్నదే మోత. ఎక్కడా పగులు లేదు. నెలలు నిండకపోతేనేం, ఆ గొంతు విని నేను మంచం మీద కూలబడిపోయాను. దోర్కా పరిగెత్తుకొచ్చి ముందు నాకు ఆక్సిజన్ పెట్టి, తర్వాత తిట్టింది. బిడ్డ రిపోర్టు నెగెటివ్ అనీ, నీ ఊపిరి కుదుటపడిందనీ నిన్న ఆవిడే చెప్పింది.

మరి నాకెవరు అని రాశావు. ఆ పిల్లకి గోడలా నిలబడతానని మొక్కుకున్నది ఎవరో, నీకూ ఆవిడే. అంత అలక వద్దు, అది నీ మీద నువ్వే అలగడం.

ఇట్లు,
నోరున్న, ఓపికున్న, పెద్ద మనసున్న ముసలావిడ

తా.క.: నిమ్‌పురాకి సైకిలు తొక్కీ తొక్కీ తిమోతి కాళ్ళు పడిపోతున్నాయని జాలిపడి బిస్కెట్లు ఇచ్చావట. ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి తొక్కీ తొక్కీ పడిపోతున్నాయని నేనూ ఇచ్చాను. వాడు తొక్కింది ఈ తలుపు నుంచి ఆ తలుపుకి. రెండు పొట్లాలూ తిరిగి తెచ్చి నా మంచం మీద పెట్టి, "తినబుద్ది కానేదు పిన్నీ" అన్నాడు. నువ్వు పాలిచ్చే మనిషివి, ఇవి నువ్వే తిను.

ఇంకో తా.క.: టీ నిజంగానే బాగోదు. కానీ వేడిగా ఉంటుంది. ఆసుపత్రిలో ఇస్త్రీ పెట్టె ఎక్కడిది? నీ ఉత్తరాలన్నీ టీ గ్లాసు అడుగున పెట్టి, కాస్త వేడెక్కాక చదివాను. గుండ్రటి మరకలు ఉన్నాయి, చూసి ఏమీ అనుకోకు.

ఆఖరి తా.క.: ఈ పొద్దున నా రిపోర్టు నెగెటివ్ వచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కునే రాశాను. ఈ ఉత్తరం మాత్రం ఇస్త్రీ చెయ్యకు. ఈ కాగితం మీద నా చెయ్యి ఉంది. మన చిన్నదానికి కాస్త తగలనీ.